హబుల్ చూసింది పల్సర్‌ని కాదు, దాని జతగాడిని

"గ్లోబ్యులర్ క్లస్టర్‌లో పల్సర్‌ని హబుల్ ఫొటో తీసింది!" ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసొప్పదు. గ్లోబ్యులర్ క్లస్టర్ అంటే లక్షల నక్షత్రాల గుండ్రటి గుంపు. పల్సర్ అంటే గిరగిరా తిరుగుతూ లయగా రేడియో సంకేతాలు పంపే, చనిపోయిన నక్షత్రపు గట్టి ముద్ద. ఆ ఫొటోలో ఉన్నది పల్సర్ కాదండీ, దాని చుట్టూ తిరిగే జత నక్షత్రం. క్రాబ్ పల్సర్ మామూలు వెలుగులోనూ మిణుకుమంటుందని 1969లోనే తెలిసింది, నిజమే. కానీ అది కుర్ర పల్సర్, దాని సత్తా వేరు. క్లస్టర్లలో ఉండే, సెకనుకి వందల చుట్లు తిరిగే ముసలి మిల్లీసెకండ్ పల్సర్ల నుంచి అంత వెలుగు ఆశించలేం.

[స్క్రీన్ మీద: చీకట్లో గిరగిరా తిరుగుతున్న ఇద్దరు పిల్లలు]

చీకట్లో వేలమంది జనం. మధ్యలో ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకుని గిరగిరా తిరుగుతున్నారు. ఒకడు నల్లబట్టల్లో ఉన్నాడు, కనిపించడు, కానీ ఆపకుండా ఈల వేస్తున్నాడు. వాడే పల్సర్. వాడు మనవైపు వస్తుంటే ఈల పదునెక్కుతుంది, దూరం జరుగుతుంటే మందగిస్తుంది. ఆ తేడాను బట్టి ఒక చుట్టుకి ఎంతసేపు పడుతుందో, ఏ క్షణాన రెండోవాడు ఎటువైపు ఉంటాడో కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. రేడియో టెలిస్కోప్ చేసే పని అదే.

మరి రేడియో చెప్పిన చోటే హబుల్‌తో నేరుగా చూడొచ్చు కదా? చూడొచ్చు, కానీ హబుల్ ఫొటోకి ఆకాశపు కొలతలు తగిలించేటప్పుడు ఒక ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 3,600వ వంతు) దాకా తేడా వచ్చేది. క్లస్టర్ నడిబొడ్డున ఆ కాస్త జాగాలోనే నక్షత్రాలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అందుకే చంద్రా అనే అంతరిక్ష టెలిస్కోప్ తీసిన ఎక్స్-రే ఫొటోలను మధ్యవర్తిగా పెట్టుకుని లెక్క సరిచేసుకున్నారు.

నాకు ప్రాణమైన ఉదాహరణ 47 టుకానే డబ్ల్యూ, అంటే 47 టుకానే అనే క్లస్టర్‌లోని ఒక పల్సర్. మనకు సుమారు 15 వేల కాంతి సంవత్సరాల దూరం. రేడియోలో ఈల వినిపించింది, చుట్టు 3.2 గంటలని తేలింది, కానీ కచ్చితంగా ఎక్కడుందో అప్పటికి తెలీదు. అంతకుముందు 1999లో హబుల్ ఆ క్లస్టర్‌ని 8.3 రోజులు గమనించింది, గ్రహాల కోసం! సుమారు 34 వేల నక్షత్రాలను చూసినా గ్రహం ఒక్కటీ దొరకలేదు. అవే ఫొటోల్లో, చంద్రా చూపించిన ఒక ఎక్స్-రే చుక్క దగ్గర, 3.2 గంటలకోసారి బాగా వెలిగి మసకబారే నక్షత్రం కనిపించింది.

ఎందుకలా? ఈల పిల్లాడి ఒళ్లు కొలిమిలాంటిది. వాడివైపున్న జతగాడి ముఖం కాలి వెలుగుతుంది. జతగాడు అవతలికి వెళ్లినప్పుడు ఆ ముఖం మనకు కనిపిస్తుంది, ఇవతలికి వస్తే వీపే. కాలం ఒక్కటే కలిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు. ఈల లెక్క ప్రకారం జతగాడు అవతల ఉండాల్సిన క్షణానే వెలుగు పతాకస్థాయికి చేరింది. 2002లో అలా పట్టుకున్నారు. కేవలం లయని బట్టి! ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. అన్ని జతలూ ఇలాగే ఉండవు. అదే క్లస్టర్‌లోని 47 టుకానే యూ అనే పల్సర్‌కి 2001లో దొరికిన జతగాడు హీలియం వైట్ డ్వార్ఫ్, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం, నీలంగా ఉంటుంది, వెలుగులో మార్పు చాలా స్వల్పం. ఎన్‌జీసీ 6397 అనే ఇంకో క్లస్టర్‌లోని పల్సర్ జతగాడు పల్సర్ లాగుడికి కోడిగుడ్డులా సాగిపోయాడు, అందుకే 1.35 రోజుల చుట్టులో రెండుసార్లు వెలుగు పెరుగుతుంది. జతగాడి వెలుగును రంగులుగా విడదీసి స్పెక్ట్రమ్ తీస్తే వాడి వేగం తెలుస్తుంది, దాన్ని ఈల లెక్కతో కలిపితే ఇద్దరి బరువుల నిష్పత్తి వస్తుంది.

టెర్జాన్ 5 అనే క్లస్టర్‌లో అయితే 2024 నాటికి 49 పల్సర్లు. మనకూ దానికీ మధ్యలో దుమ్ము దట్టంగా ఉండటంతో మామూలు వెలుగు చాలావరకు ఆగిపోతుంది. అక్కడ జతగాళ్లని ఇన్‌ఫ్రారెడ్‌లో వెతకాల్సిందే.