ఎదుటివాళ్ళ ఇరవై సెకన్లు

(విజయవాడలో ఆర్చరీ, బ్యాడ్మింటన్ కోచ్‌లూ క్రీడాకారుల తల్లిదండ్రులూ కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక చిన్న లెక్క. కాంపౌండ్ ఆర్చరీ, అంటే చివర్లలో కప్పీలున్న విల్లుతో ఆడే ఆట, వ్యక్తిగత మ్యాచ్‌లో ఒక్కొక్కరికి 15 బాణాలు. ఒకరి తర్వాత ఒకరు వేసే పద్ధతిలో బాణానికి 20 సెకన్లు. అంటే గడియారం మన పిల్ల కోసం తిరిగేది మహా అయితే 300 సెకన్లు, ఐదు నిమిషాలు. అవతలి అమ్మాయికీ అంతే. ఆ రెండో ఐదు నిమిషాలూ మన పిల్ల విల్లు దించుకుని ఊరికే నిలబడి ఉంటుంది. ఏళ్ళ తరబడి ప్రాక్టీసంతా మొదటి ఐదు నిమిషాల కోసమే చేయిస్తాం. రెండో ఐదు నిమిషాల్లో ఏం చేయాలో నేర్పేవాళ్ళు తక్కువ. నన్నడిగితే మ్యాచ్ చెయ్యిజారేది ఎక్కువగా అక్కడే.

తాడు లాగి ఉన్నప్పుడు మనసుకు పని ఉంటుంది. ఖాళీగా నిలబడితే అది స్కోర్‌బోర్డు మీదికి పోతుంది. అవతలి బాణం పదిలో పడితే గుండె జారుతుంది, ఎనిమిదిలో పడితే ఆశ పుడుతుంది. రెండూ చేతికి చెరుపే. ఇందులో ఆశ ఇంకా ప్రమాదం, ఎందుకంటే భయాన్ని గుర్తుపట్టినట్టు దాన్నెవరూ గుర్తుపట్టరు.

ముందు ఈ దడ సంగతి చూద్దాం. "టెన్షన్ పడకమ్మా" అని మనం అనేమాట పిల్లకు కొత్తగా ఏమీ నేర్పదు, తను టెన్షన్‌లో ఉన్నట్టు పైకి కనబడిపోతోందని మాత్రం చెబుతుంది. గుండె వేగం, అరచేతుల చెమట, కడుపులో తిప్పడం ఇవన్నీ అడ్రినలిన్ పనులు, ఒళ్ళు ఆటకు సిద్ధమవుతున్న గుర్తులు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన ఒక అవగాహన ఇప్పటికీ మనకు పనికొస్తుంది. ఉద్వేగం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా పని చెడుతుంది. పని ఎంత సున్నితమైతే ఆ హద్దు అంత కిందికి దిగుతుంది. బరువులెత్తే కుర్రాడికి అక్కరకొచ్చే దడ, 50 మీటర్ల దూరంలో 8 సెంటీమీటర్ల వెడల్పున్న పది పాయింట్ల వలయాన్ని చూస్తున్న అమ్మాయికి ఎక్కువైపోతుంది. కాబట్టి దడ పూర్తిగా పోనక్కర్లేదు. ఆటకు సరిపడా ఉంటే చాలు.

ఇక్కడ మన ఊరి ఎండ గురించి కూడా చెప్పాలి. మే నెలలో గ్రౌండ్‌లో నిలబడితే వేడికే గుండె వేగం పెరుగుతుంది, ఒంట్లో నీళ్ళు తగ్గితే మరింత పెరుగుతుంది. పిల్ల దాన్ని భయమనుకుంటుంది, మనమూ అలాగే అనుకుంటాం. ముందు నీడలో కూర్చోబెట్టి, మెడ మీద తడిగుడ్డ వేసి, ఉప్పేసిన మజ్జిగ ఇచ్చి చూడండి. సగం సైకాలజీ ఆ గ్లాసుతోనే తీరిపోతుంది.

తర్వాత ఊపిరి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. ఒక్కో లెక్క ఒక్కో సెకను. నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. గాలి వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి ప్రభావం పెరిగి గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడవుగా ఉండాలి. పొట్ట మీద చెయ్యి పెడితే పొట్టే లేవాలి, భుజాలు లేవకూడదు. దీనికి మనం చేసే చెరుపు, లైన్ మీద నిలబడ్డ పిల్లతో "గట్టిగా ఊపిరి పీల్చు" అనడం. గబగబా పెద్ద పెద్ద శ్వాసలు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ వేళ్ళతోనే కదా రిలీజ్ చేయాలి, అంటే బాణం వదలాలి! ఇంకో పొరపాటు, దీన్ని మ్యాచ్ రోజున మొదలుపెట్టడం. నెల ముందు నుంచీ రోజూ పడుకునే ముందు ఐదు నిమిషాలు చేసి ఉంటేనే ఆ రోజు పలుకుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక శ్వాసకు 10 సెకన్లు. రెండు శ్వాసలంటే ఎదుటివాళ్ళ 20 సెకన్లు. తన బాణం పడగానే స్కోప్‌లో (దూరం చూసే గొట్టంలో) ఒక్కసారి చూడాలి, సైట్ (విల్లు మీద గురి చూసే పరికరం) జరపాలా వద్దా అప్పుడే తేల్చుకోవాలి. ఆ తర్వాత చూపు కిందికి, ముందే అనుకున్న ఒకే చోటికి రావాలి. బూటు లేసు కావచ్చు, తర్వాతి బాణం నాక్ (తాడుకు తగిలించే వెనక కొన) కావచ్చు. అవతలి టార్గెట్ వైపు మాత్రం పోకూడదు. మొదటి శ్వాస వదులుతూ దవడ, భుజాలు వదిలేయాలి. రెండో శ్వాసలో తన షాట్‌ని విల్లు లేపిన దగ్గర్నుంచి రిలీజ్ దాకా లోపల నడిపించుకోవాలి. బాణం పదిలో గుచ్చుకున్న బొమ్మ చూసుకుంటే సరిపోదు. వెన్ను బిగుసుకోవడం, చెంపకు తాడు తగలడం ఒంటికి తెలియాలి. అవతలి అమ్మాయి 12 సెకన్లకే వేసేసిందా, రెండో శ్వాస వదిలేయాలి. మొదటిది మాత్రం మానకూడదు.

పిల్ల మనసులో అనుకునే మాట కూడా ఒక్కటే ఉండాలి, అది పని చెప్పేదై ఉండాలి. "తొందరపడకు" అంటే చేతికి చేయడానికేమీ దొరకదు. "వెన్ను" అనుకుంటే వెన్ను పని చేస్తుంది.

షాట్ కుదరకపోతే దించడం కూడా నేర్పాలి. 8 సెకన్లు మిగిలుండగా దించితే మళ్ళీ లాగే వ్యవధి ఉంటుంది, నాలుగు దగ్గర దించితే ఉండదు. ప్రాక్టీసులో ఒక్కసారీ దించనివాళ్ళు మ్యాచ్‌లో దించరు, చెడ్డ బాణాన్నే వదిలేస్తారు.

కాంపౌండ్ కోచ్‌లందరికీ తెలిసిన తలనొప్పి టార్గెట్ పానిక్. సైట్ చుక్క టార్గెట్ నడిమి పసుపులోకి వెళ్ళకుండా అంచు దగ్గరే బిగుసుకుపోవడం, లేదా పసుపు కనబడీ కనబడగానే తాడు వదిలే పరికరం ట్రిగ్గర్ కొట్టేయడం. తిడితే ముదురుతుంది. టార్గెట్ కాగితం తీసేయండి. మూడు నుంచి ఐదు మీటర్ల దూరంలో ఖాళీ బేల్ (బాణాలు గుచ్చుకునే దిమ్మ), పక్కన కోచ్. లాగి, బేల్‌కు సూటిగా ఉన్నాక కళ్ళు మూసుకుని, వెన్ను లాగుడుతోనే రిలీజ్ కావాలి. రోజుకు 30, 40 బాణాలు, కనీసం మూడు వారాలు. ఆ తర్వాత కాగితం పెట్టి, బాణం వదలకుండా గురి నిలిపి దించడం. అటుపైన 10 మీటర్ల నుంచి మెల్లగా వెనక్కి. సెలక్షన్స్ ఉన్నాయని వారానికే 50 మీటర్లకు లాక్కెళితే జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది. సాధారణంగా జరిగేది ఇదే.

బ్యాడ్మింటన్ వాళ్ళకు 11 పాయింట్ల దగ్గర 60 సెకన్లు, గేముల మధ్య 120 సెకన్లు విరామం. ఆ అరవైలో మనం ఐదు సలహాలు కుక్కుతాం. మొదటి 20 సెకన్లు టవల్, నీళ్ళు, మౌనం. ఆ తర్వాత ఒక్క వాక్యం. చివర్లో పిల్లాడు ఆ వాక్యాన్ని మళ్ళీ మనకు చెప్పాలి. చెప్పలేకపోతే వినలేదన్నమాట.

"సురేఖలా ఆడాలి, శ్రీకాంత్‌లా ఆడాలి" అని మన ఇళ్ళల్లో అంటుంటాం. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు తెచ్చింది, గుంటూరు శ్రీకాంత్ 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఆ మ్యాచ్‌ల వీడియోలు పెట్టండి, కాకపోతే బాణానికీ బాణానికీ మధ్య, ర్యాలీకీ ర్యాలీకీ మధ్య వాళ్ళేం చేస్తున్నారో చూపించండి.

ఇంటర్ చదివే పిల్లల సంగతి వేరే. పరీక్షల ఒత్తిడి, ఆట ఒత్తిడి అని శరీరం రెండు ఖాతాలు రాసుకోదు. ప్రాక్టీసు అయిన అరగంటకు "ఎంత కష్టమనిపించింది, పదికి ఎంత?" అని అడిగి, ఆ అంకెను నిమిషాలతో హెచ్చించండి. 90 నిమిషాలకు 7 అంటే 630. అదే ప్రాక్టీసుకు పరీక్షల వారంలో 9 అంటే 810. మీరు ఒక్క బాణం కూడా పెంచలేదు, భారం పెరిగింది. ఆ వారం మూడో వంతు కోసేయండి. నిద్ర మాత్రం కోయకండి. అమెరికాలో బడిపిల్లల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, 8 గంటలకంటే తక్కువ నిద్రపోయే ఆటగాళ్ళకు గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లుగా తేలింది.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతకాలని లేదన్న మాట నోట రావడం, ఇవి ఊపిరి లెక్కలతో తీరేవి కావు, కోచ్ పనీ కాదు. చావు మాట వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు.

బయట ఐదు మీటర్ల దగ్గర బేల్ పెట్టించాం. ఇద్దరిద్దరుగా రండి, ఒకరు వేస్తుంటే రెండోవాళ్ళు బూటు లేసు చూస్తూ ఊపిరి లెక్కపెట్టాలి. తల్లిదండ్రులు గడియారం పట్టుకోండి. మాట్లాడకూడదు.