నెలసరి రాకపోతే పెళ్లిదాకా ఆగకండి

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాక నెలసరి క్రమం తప్పే సమస్య గురించి మాట్లాడుకుందాం. తిరుపతిలో చాలా ఏళ్లుగా స్త్రీల వైద్యం చేస్తున్న డాక్టర్ గారు మనతో ఉన్నారు. మేడమ్, ఇక్కడి హాస్టళ్లలో చదువుకునే అమ్మాయిలు ఎక్కువగా అడిగేది ఇదే: "స్కానింగులో నీటి బుడగలు ఉన్నాయన్నారు. ఆపరేషన్ చేసి తీసేస్తారా?"

డాక్టర్: తీయరు, తీయాల్సిన అవసరమూ లేదు. అవి ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల సంచులు. 1935లో స్టైన్, లెవెంతాల్ అనే అమెరికా వైద్యులు దీని గురించి రాసిన రోజుల్లో అండాశయంలో కొంత భాగం కోసి తీసేవారు. ఇప్పుడు మందులున్నాయి.

వ్యాఖ్యాత: అయితే స్కానింగులో కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ అనుకోవచ్చా?

డాక్టర్: అనుకోకూడదు. నెలసరి క్రమం తప్పడం ఒకటి. మగ హార్మోన్లు ఎక్కువై గడ్డం మీద, పైపెదవి మీద వెంట్రుకలు, మొండి మొటిమలు రావడం, లేదా రక్తపరీక్షలో అవి ఎక్కువగా తేలడం రెండోది. స్కానింగు మూడోది. ఈ మూడింటిలో రెండుండాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) సమస్యలు కావని కూడా చూసుకోవాలి. ఇంటర్ చదివే పిల్లలకైతే స్కానింగే వద్దు. రజస్వల అయిన ఎనిమిదేళ్లలోపు అండాశయాలు మామూలుగానే అలా కనిపించవచ్చు. పదహారేళ్ల పిల్ల చేతిలో ఆ రిపోర్టు పెట్టి భయపెట్టడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

వ్యాఖ్యాత: అసలు ఇది ఎందుకు వస్తుంది?

డాక్టర్: వంశపారంపర్యం కొంత ఉంది. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది అండాశయం మీద పడి మగ హార్మోన్లను పెంచుతుంది, అండం విడుదల ఆగుతుంది. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారడానికీ ఇన్సులినే కారణం. ఒక అమ్మాయి మెడ ఎర్రగా కందిపోయి వచ్చింది. మురికి అనుకుని వాళ్లమ్మ రోజూ శనగపిండి పెట్టి రుద్దుతోందట. ఎంత రుద్దినా పోయేది కాదమ్మా, షుగరు పరీక్ష చేయించాలి అని చెప్పాను. సన్నగా ఉన్నవాళ్లకూ పీసీఓఎస్ వస్తుంది, అదీ మరచిపోకండి.

వ్యాఖ్యాత: "పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అనే మాట మన చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

డాక్టర్: నాకు కోపం తెప్పించే మాట అది. నెలసరి పిల్లల కోసమే అన్నట్టు మాట్లాడతారు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారవదు. గర్భాశయం లోపలి పొర రాలకుండా మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే, పెళ్లయినా కాకపోయినా, డాక్టరుకు చూపించుకోవాలి. పెళ్లయినవాళ్లు ముందు గర్భం కాదని పరీక్ష చేసుకోవాలి.

వ్యాఖ్యాత: దర్శనం కోసం నెలసరి వాయిదా మాత్రలు వేసుకునేవాళ్ల సంగతి?

డాక్టర్: తిరుపతిలో ఉండి ఈ ప్రశ్న తప్పించుకోలేం. మాత్ర ఆపిన కొన్ని రోజులకు రక్తస్రావం అవుతుంది. "నాకు నెలసరి వస్తూనే ఉంది" అనుకుంటారు. అది మందు ఆపడం వల్ల వచ్చింది, అండం విడుదలైందని కాదు. పైగా మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారు. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకు ఆ మాత్ర ప్రమాదం. డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

వ్యాఖ్యాత: చికిత్స ఎలా ఉంటుంది?

డాక్టర్: ఆమెకు ఏం కావాలన్నదాన్ని బట్టి ఉంటుంది. నెలసరి క్రమానికి, మొటిమలకు, వెంట్రుకలకు హార్మోన్ మాత్రలు. ఇన్సులిన్ సమస్యకు షుగరు జబ్బుకు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర. కడుపులో వికారం పెట్టకుండా తక్కువ మోతాదుతో, భోజనంతో పాటు మొదలుపెడతాం. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ముందుగా ఇచ్చేది అండం విడుదలయ్యేలా చేసే లెట్రోజోల్ మాత్ర. పీసీఓఎస్ ఉంటే ఇక పిల్లలు పుట్టరన్నది అబద్ధం. చాలామంది తల్లులవుతున్నారు.

వ్యాఖ్యాత: తిండి? సంగటి మానేయమంటున్నారు కొందరు.

డాక్టర్: ఎందుకు మానాలి? రాగిలో పీచు ఉంది. కానీ మన సంగటిలో అన్నం కూడా కలుస్తుంది, ముద్ద పెద్దదైతే అదీ పిండిపదార్థమే. ముద్ద చిన్నది చేసి, పక్కన ఆకుకూర పప్పు, గుడ్డు, కూరగాయలు పెంచండి. హాస్టల్లో సాయంత్రం బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు తినండి. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి మెరుగుపడే అవకాశముంది. ఇక నడక. ఏడాదికోసారి అలిపిరి మెట్లెక్కితే చాలదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి, రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం చేయాలి.

వ్యాఖ్యాత: మానసికంగా కుంగిపోయేవాళ్లు కూడా రాస్తున్నారు.

డాక్టర్: పీసీఓఎస్‌లో ఆందోళన, కుంగుబాటు ఎక్కువ. దానికీ వైద్యం ఉంది, అడగడానికి సంకోచించకండి. చుట్టాలు పెళ్లిళ్లలో "లావయ్యావే, మొహం నిండా మొటిమలేమిటి" అనడం మానాలి. ఆ ఒక్క మాటతో నెల రోజులు తిండి మానేసినవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

వ్యాఖ్యాత: మొదటిసారి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు ఏం తీసుకెళ్లాలి?

డాక్టర్: గడిచిన ఆరు నెలల్లో నెలసరి వచ్చిన తేదీలు. వాడుతున్న మాత్రల పేర్లు, వాయిదా మాత్రలతో సహా. ఇంట్లో ఎవరికి షుగరు ఉందో కూడా రాసుకోండి. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఓపీలో రద్దీ ఎక్కువ, ఆ కాగితం చేతిలో ఉంటే డాక్టరుకు ఉన్న కాస్త సమయం మీ మాట వినడానికే మిగులుతుంది.