మిషిగన్ మనిషి మిషిగనే గెలుస్తుందంటే నమ్మాలా?

నమస్కారం అండీ. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌లో ప్రతి శనివారం పొద్దున్నే మొదలయ్యే గొడవ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. టీవీలో ప్రీగేమ్ షో నడుస్తుంటుంది. బల్ల దగ్గర నలుగురైదుగురు కూర్చుంటారు. అందులో ఒకాయన ఒకప్పుడు ఆ కాలేజీకే ఆడినవాడు. "ఈరోజు మావాళ్ళదే గెలుపు, రాసిపెట్టుకోండి" అని బల్ల గుద్ది మరీ చెప్తాడు. అవతల ఉన్నదేమో 20 పాయింట్ల ఫేవరెట్, అంటే అంత తేడాతో గెలుస్తుందని అందరూ లెక్కేసిన జట్టు. ఇంకేముంది, అభిమానులు విరుచుకుపడతారు. కాకి పిల్ల కాకికి ముద్దు, ఈయన మాట లెక్కలోకి తీసుకోవాలా అని.

ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ అక్కడితో ఆగిపోతే ఆ విశ్లేషకుడికే లాభం. ఎందుకంటే "నువ్వు ఆ కాలేజీవాడివి" అన్నదానికి ఆయన దగ్గర జవాబు రెడీగా ఉంటుంది: "అవును, అయితే ఏంటి?" పక్షపాతం ఉందని తేలితే ఆయన ఆ మాట ఎందుకన్నాడో తెలుస్తుంది. ఆ మాట నిజమవుతుందా కాదా అన్నది మాత్రం తెలియదు. దానికి వేరే ప్రశ్నలు అడగాలి. అవేంటో ఒక నిజమైన మ్యాచ్ పెట్టుకుని చూద్దాం.

2024 నవంబర్ 30. ఒహైయో స్టేట్ సొంతూరు కొలంబస్‌లో ఆ జట్టుకీ, పాత ప్రత్యర్థి మిషిగన్‌కీ మ్యాచ్. ఒహైయో స్టేట్ 10 గెలిచి 1 ఓడింది, ర్యాంకు 2. మిషిగన్ 6 గెలిచి 5 ఓడింది. స్ప్రెడ్, అంటే ఫేవరెట్ ఎంత తేడాతో గెలుస్తుందన్న పందెం మార్కెట్ అంచనా, దాదాపు 20 పాయింట్లు. మిషిగన్‌లో కార్నర్‌బ్యాక్ (అవతలి పాస్‌లని అడ్డుకునేవాడు) విల్ జాన్సన్ గాయంతో లేడు, టైట్ ఎండ్ (పాస్‌లు పట్టేవాడు) కోల్‌స్టన్ లవ్‌ల్యాండ్ కూడా లేడు. అలాంటి రోజు మిషిగన్ గెలుస్తుందని మిషిగన్ పాత ఆటగాడెవరైనా అంటే నవ్వరా? నవ్వుతారు. కానీ మిషిగన్ 13-10తో గెలిచింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ గెలుపుకి ముందే కనబడుతున్న దారి ఒకటుంది. ఒహైయో స్టేట్ లెఫ్ట్ ట్యాకిల్ (పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ముందువరుస, అంటే అఫెన్సివ్ లైన్‌లో ఎడమ చివరివాడు) జోష్ సిమన్స్ అక్టోబర్‌లో ఆరెగాన్ మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్‌కి దూరమయ్యాడు. సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్‌కి నవంబర్‌లో, ఇండియానా మ్యాచ్ ఉన్న వారంలో, ప్రాక్టీసులో మడమ దగ్గరి అకిలీస్ టెండన్ తెగింది. సెంటర్ అంటే బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందించేవాడు మాత్రమే కాదండీ. అవతలి డిఫెన్స్ ఎలా నిలబడిందో ఒక్క చూపులో చదివి, ఎవరు ఎవరిని ఆపాలో తన పక్కనున్నవాళ్ళకి అరిచి చెప్పేది చాలా జట్లలో అతనే. అలాంటి మనిషి పోయిన చోట, ఎదురుగా నిలబడబోయేది ఎవరు? మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్. డిఫెన్సివ్ లైన్ నడిమధ్యలో ఇద్దరు కొండలు. తర్వాతి ఏప్రిల్‌లో ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒకరు 5వ పిక్, ఇంకొకరు 13వ పిక్.

అంటే ఒహైయో స్టేట్ మధ్యలోంచి పరుగెత్తాలని పట్టుబడితే దెబ్బతింటుంది. పట్టుబట్టింది. 26 సార్లు పరుగెత్తి 77 యార్డులు, అంటే సారికి 3 యార్డులు కూడా రాలేదు. బయట జెరెమయా స్మిత్ లాంటి రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) ఉండగా, గోడలాంటి చోటికే బంతి పంపుతూ పోయారు.

కాబట్టి ఆ పొద్దున మిషిగన్ మనిషి ఎవరైనా "సెంటర్ లేడు, మా డిఫెన్సివ్ ట్యాకిల్స్ ఇద్దరూ మధ్యలో కూర్చుంటారు, స్కోరు తక్కువగా ఉంటుంది, చివర్లో ఫీల్డ్ గోల్‌తో (బంతిని తన్ని తెచ్చుకునే 3 పాయింట్లు) తేలుతుంది" అని చెప్పి ఉంటే, ఆయన ఏ కాలేజీవాడైనా సరే ఆ మాట వినదగ్గదే. "రైవల్రీ గేమ్ కదా, మావాళ్ళలో కసి ఉంది" అని మాత్రమే అని ఉంటే, ఫలితం కలిసొచ్చినా అది గుడ్డిదెబ్బే. మేమైతే ఇందులో రాజీ పడం. కారణం లేని జోస్యానికి ఫలితం చూసి మార్కులు వెయ్యకూడదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ మ్యాచ్‌లో రెండు జట్లూ చెరో రెండు ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ళు పట్టేసిన పాస్‌లు) ఇచ్చాయి. స్కోర్‌బోర్డు పక్కన చూస్తే సమానం. కానీ అవి ఎక్కడ జరిగాయన్నది చూడాలి. మిషిగన్ పట్టిన ఒక బంతి వెనక్కి తిరిగొచ్చి ఒహైయో స్టేట్ గోల్‌లైన్‌కి 2 యార్డుల దూరంలో ఆగింది. మిషిగన్ తరఫున బంతితో పరుగెత్తే కలెల్ మల్లింగ్స్ లోపలికి తోసుకుపోయాడు. మిషిగన్ టచ్‌డౌన్ మొత్తం మ్యాచ్‌లో అదొక్కటే. ఇక కిక్కర్లు. మిషిగన్ డామినిక్ జ్వాడా 54 యార్డుల నుంచి కొట్టాడు. ఒహైయో స్టేట్ కిక్కర్ 38 నుంచి ఒకటి, 34 నుంచి ఒకటి మిస్ చేశాడు. పోయింది 6 పాయింట్లు, ఓడింది 3 పాయింట్లతో. చివర్లో మల్లింగ్స్ 27 యార్డులు చీల్చుకుని పోయాడు. 45 సెకన్లు మిగిలి ఉండగా జ్వాడా 21 యార్డుల నుంచి ముగించాడు. మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ ఆ రోజంతా పాస్ చేసింది 62 యార్డులే.

అందుకే విశ్లేషకుణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న: ఎంత శాతం అవకాశం? "గెలుస్తుంది" అనడం జవాబు కాదు. పందెం మార్కెట్ ఎంత అంటోందో మనం లెక్కేసుకోవచ్చు. ఇక్కడ ఒక్క మాట: మనం ఆడ్స్‌ని (పందెం రేట్లని) కొలబద్దగా మాత్రమే వాడుతున్నాం, పందేల కోసం కాదు. అండర్‌డాగ్ (ఓడుతుందని అందరూ అనుకునే జట్టు) మనీలైన్, అంటే గెలుపు మీద పందెం రేటు, +230 అని ఉందనుకోండి. 230కి 100 కలిపితే 330, 100ని ఆ 330తో భాగించండి. 30.3 శాతం. ఫేవరెట్ −280 అయితే 280ని 380తో భాగిస్తే 73.7. రెండూ కలిపితే 104 వస్తుంది. పైన ఉన్న ఆ 4 పందెం కంపెనీ కమిషన్. 30.3ని 104తో భాగించి 100తో గుణిస్తే అసలు అంచనా దాదాపు 29 శాతం. చాలామంది ఈ కమిషన్ తీసెయ్యడం మర్చిపోయి అండర్‌డాగ్ అవకాశాన్ని ఎక్కువ చేసి చూస్తారు.

మార్కెట్ 10 శాతం అంటుంటే విశ్లేషకుడు 25 అంటే, ఆ 15 ఎక్కడినుంచి వచ్చిందో చూపించాలి. గాయమా, మ్యాచప్పా, వాతావరణమా? "ఫంబుల్స్ మాకు పడతాయి" అంటే ఒప్పుకోకండి. నేలమీద పడ్డ బంతి ఎవరికి దొరుకుతుందన్నది ఇంచుమించు బొమ్మాబొరుసే. దానిమీద జోస్యం కడితే గాల్లో దీపం పెట్టినట్టే.

నిలబడే కారణం ఎలా ఉంటుందో ఇంకో మ్యాచ్ చూడండి. 2024 అక్టోబర్ 5, నాష్‌విల్. నంబర్ 1 అలబామాని వాండర్‌బిల్ట్ 40-35తో ఓడించింది. అలబామా అంతకుముందు వారమే జార్జియాని 41-34తో కొట్టి వచ్చింది. "ట్రాప్ గేమ్ (పెద్ద మ్యాచ్ తర్వాత ఏమరుపాటున ఓడే మ్యాచ్), అలసిపోయి ఉంటారు" అన్న మాట ఎవరైనా అంటారు. గెలిపించింది మాత్రం వేరు. వాండర్‌బిల్ట్ 18 థర్డ్ డౌన్లలో (10 యార్డులు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది) 12 సాధించింది, 60 నిమిషాల్లో 42 నిమిషాలు బంతి తన దగ్గరే పెట్టుకుంది. దీనివల్ల ఏమవుతుందంటే, ఆటలో డ్రైవ్‌ల (బంతి చేతికొచ్చాక ఒక్కో జట్టు చేసే దాడుల) సంఖ్య తగ్గిపోతుంది. వానపడి 20 ఓవర్ల మ్యాచ్ 8 ఓవర్లకి కుదిస్తే చిన్న జట్టుకి ఆశ పుడుతుంది కదా, ఇదీ అంతే. ఆట ఎంత పొట్టిదైతే బలమైన జట్టు ఆధిక్యం బయటపడడానికి అంత తక్కువ చోటు ఉంటుంది. అండర్‌డాగ్‌ని ఎంచుకునేవాడు "మావాళ్ళు నిదానంగా ఆడతారు, థర్డ్ అండ్ షార్ట్‌లో (మూడో ప్రయత్నానికి కొద్ది దూరమే మిగిలినప్పుడు) పరుగెత్తే క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు" అన్నాడంటే, ఆయనకి పని తెలుసన్నమాట.

రెండో ప్రశ్న: అన్నీ చూపించు. ఒక విశ్లేషకుడు ఒకే శనివారం 5 అప్‌సెట్లు (అండర్‌డాగ్ గెలుపులు) చెప్పాడనుకోండి, ఒక్కోదానికి 25 శాతం చొప్పున. కనీసం ఒకటైనా నిజమయ్యే అవకాశం ఎంత? ఒక్కటీ నిజం కాకపోయే అవకాశం, 0.75ని అయిదుసార్లు గుణిస్తే, 0.237. అంటే కనీసం ఒకటి నిజమయ్యేది 76 శాతం. ప్రతి నాలుగు వారాల్లో మూడు వారాలు ఆయనకి సోమవారం పంచుకోవడానికి ఒక క్లిప్ దొరుకుతుంది. తప్పిన నాలుగూ ఎవరికీ గుర్తుండవు. అభిమానులు చేయాల్సింది ఒక షీట్ తెరిచి సీజన్ మొదటి వారం నుంచి రాయడం: మ్యాచ్, స్ప్రెడ్, ఆయన పిక్ (గెలుస్తుందని ఎంచుకున్న జట్టు), ఆయన చెప్పిన శాతం, ఫలితం. శాతం చెప్పకపోతే "చెప్పలేదు" అని రాయండి, అదీ సమాచారమే.

శాతం చెప్పినచోట మార్కులు ఇలా వెయ్యాలి. జరిగితే 1, జరగకపోతే 0. ఆయన చెప్పినదానికీ దానికీ ఉన్న తేడాని వర్గం చెయ్యండి. 35 శాతం అన్నాడు, మార్కెట్ 10 అంది. అప్‌సెట్ జరిగితే ఆయనకి 0.42, మార్కెట్‌కి 0.81. జరగకపోతే ఆయనకి 0.12, మార్కెట్‌కి 0.01. తక్కువ వచ్చినవాళ్ళు మేలు. ఒక్క మ్యాచ్‌తో తీర్పు ఇవ్వకండి, కనీసం నలభై యాభై పిక్‌లు చేరాలి.

అదే షీట్‌లో ఆయన పాత కాలేజీ మ్యాచ్‌లు విడిగా తియ్యండి. పక్షపాతం కొలిచేది ఇక్కడ. ప్రతిసారీ ఆ కాలేజీనే ఎంచుకుంటే, ఆ పిక్‌లలో ఈ మ్యాచ్ గురించి తెలిసేది ఏమీ లేదు. వాటిని పక్కనపెట్టి, మిగతా మ్యాచ్‌లలో ఆయన ఎలా ఉన్నాడో చూడండి. కొంతమంది అక్కడ నిజంగానే పదునుగా ఉంటారు.

ఈ సంబంధాలేవీ రహస్యం కాదు. ఈఎస్‌పీఎన్ చానెల్ ప్రీగేమ్ షో గేమ్‌డేలో డెస్మండ్ హవర్డ్ మిషిగన్‌కి ఆడి 1991లో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ అవార్డు గెలిచినవాడు, కర్క్ హెర్బ్‌స్ట్రీట్ ఒహైయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్. తాను కామెంటరీ చెప్పబోయే మ్యాచ్‌కి హెర్బ్‌స్ట్రీట్ విజేతని చెప్పడు. మంచి పద్ధతి అది. చానెళ్ళకీ కాన్ఫరెన్సులతో, అంటే ఎస్‌ఈసీ, బిగ్ టెన్ లాంటి కాలేజీ జట్ల లీగులతో, సంబంధాలున్నాయి: ఎస్‌ఈసీ నెట్‌వర్క్ ఈఎస్‌పీఎన్‌దే, బిగ్ టెన్ నెట్‌వర్క్‌లో పెద్ద వాటా ఫాక్స్‌ది. కాన్ఫరెన్సుల మధ్య మ్యాచ్ అయితే ఇది గుర్తుంచుకోండి.

ఒకటి మాత్రం ఒహైయో స్టేట్ అభిమానుల పక్షాన చెప్పాలి. మిషిగన్ చేతిలో ఓడిన అదే జట్టు ప్లేఆఫ్‌లో టెనెసీని 42-17, ఆరెగాన్‌ని 41-21, టెక్సస్‌ని 28-14, ఫైనల్లో నోటర్‌డామ్‌ని 34-23తో కొట్టి ఛాంపియన్ అయింది. బంతి రిసీవర్లకి వెళ్ళింది, ఆరెగాన్ మీద స్మిత్ ఒక్కడే 187 యార్డులు. కాబట్టి "మిషిగన్ మెరుగైన జట్టు" అన్నవాడూ తప్పే, "అవకాశమే లేదు" అన్నవాడూ తప్పే.

ఇక ఆచరణలో పెట్టడానికి: బిగ్ టెన్ మ్యాచ్‌కి 2 గంటల ముందు ఏ ఆటగాడు లేడో జాబితా బయటపెడుతుంది. ఎస్‌ఈసీలో అయితే మ్యాచ్‌కి కొన్ని రోజుల ముందునుంచే వస్తుంది. విశ్లేషకుడు పిక్ చెప్పింది ఆ జాబితాకి ముందా తర్వాతా చూడండి. నవంబర్ చివర్లో మిషిగన్, ఒహైయో స్టేట్ మ్యాచ్ అక్కడ మధ్యాహ్నం 12కి మొదలైతే, హైదరాబాద్‌లో రాత్రి 10:30. జాబితా మనకి 8:30కి చేతికొస్తుంది. ముందు అఫెన్సివ్ లైన్ అయిదుగురి పేర్లు సరిచూడండి, సెంటర్‌తో మొదలుపెట్టి.