ఆ ఫ్లాగ్ తీసేసేముందు కొలిచారా?

అధ్యక్షులకు, ఇంత ఎండలో వచ్చిన విద్యార్థులకు నమస్కారం. కంపైలర్‌లోని, అంటే మన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామ్‌లోని, భద్రతా ఆప్షన్లు (వీటినే ఫ్లాగ్‌లు అంటాం), వాటివల్ల తగ్గే వేగం గురించి మాట్లాడమన్నారు. నోట్స్ రాసుకొచ్చాను. కానీ ముందు ఒక సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు.

నేను పనిచేసిన ఒకచోట సీ ప్రోగ్రామ్ నెమ్మదించింది. కస్టమర్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆ టెన్షన్‌లో మా పెద్దాయన మేక్‌ఫైల్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను ఎలా బిల్డ్ చేయాలో రాసే ఫైలులో, స్టాక్ ప్రొటెక్టర్ అనే ఫ్లాగ్‌ను ఆపేశారు. స్టాక్ అంటే ఫంక్షన్లు తమ తాత్కాలిక డేటా పెట్టుకునే మెమరీ; దానికి కాపలా ఆ ఫ్లాగ్. వేగం ఎంత పెరిగిందో ఎవరూ కొలవలేదు. నేనూ అడగలేదు. నాలుగు నెలలకు పేర్లు తెలుగులో ఎక్కించడం మొదలైంది, ప్రోగ్రామ్ రోజుకోచోట కూలింది. మూడు రాత్రులు వెతికాం. చివరికి ఆ ఫ్లాగ్ తిరిగి పెట్టి నడిపితే మొదటిసారే 'స్టాక్ స్మాషింగ్ డిటెక్టెడ్' అని ఆగింది. 32 బైట్లకే చోటున్న అరేలోకి, అంటే డేటా వరుసగా పెట్టే మెమరీ ముక్కలోకి, పేరు కాపీ చేసే చిన్న ఫంక్షన్ అది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 'వెంకటేశ్వరరావు' 42 బైట్లండీ!

ఆ ఫ్లాగ్ చేసేది చిన్న పనే. ఫంక్షన్ మొదలవగానే అరేకీ తిరిగి వెళ్లాల్సిన చిరునామాకీ మధ్య ఒక రహస్య సంఖ్య పెడుతుంది, ముగిసేటప్పుడు అది చెక్కుచెదరకుండా ఉందో లేదో చూస్తుంది. నాలుగైదు ఇన్‌స్ట్రక్షన్లు, అంతే. 1998 నాటి స్టాక్‌గార్డ్ అనే కంపైలర్ సాధనం ఆలోచన ఇది. 2014లో జీసీసీ అనే కంపైలర్ 4.9 వెర్షన్‌తో ఈ ఫ్లాగ్‌లోనే 'స్ట్రాంగ్' రకం వచ్చింది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ కాన్ఫిగరేషన్‌లోనే రాసి ఉంది చూడండి: మామూలు రకం సుమారు 3 శాతం ఫంక్షన్లకు కాపలా పెట్టి, కోడ్ సైజును 0.3 శాతం పెంచుతుంది. స్ట్రాంగ్ సుమారు 20 శాతం ఫంక్షన్లకు పెడితే సైజు పెరిగేది 2 శాతమే.

ఖర్చు లేదనను. కోట్లసార్లు పిలిచే బుల్లి ఫంక్షన్‌లో అరే ఉంటే తేడా తెలుస్తుంది. లోకల్ వేరియబుల్స్‌ను సున్నాలతో నింపే ఆప్షన్ కూడా పెద్ద బఫర్ల దగ్గర భారమే. అయితే జీసీసీ 11 నుంచి ఒక్క ఫంక్షన్‌కు మాత్రమే ప్రొటెక్టర్ తీసేసే యాట్రిబ్యూట్, అంటే కోడ్‌లో ఆ ఫంక్షన్ దగ్గర రాసే గుర్తు, ఉంది. ఏ ఫంక్షన్ ఎంత సమయం తింటోందో చూపే పెర్ఫ్ సాధనం పెట్టి చూడండి, నెమ్మది ఎక్కడుందో అక్కడే తీయండి. ఒకచోట దోమ ఉందని ఇంటి తలుపులన్నీ ఊడదీస్తామా?

పీఐఈ గురించి ఒక్క మాట. ప్రోగ్రామ్‌ను మెమరీలో ఎక్కడైనా లోడ్ చేయగలిగేలా చేసే మరో భద్రతా ఆప్షన్ అది: 32 బిట్ ఎక్స్86 ప్రాసెసర్లలో రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన గడులు) తక్కువ కాబట్టి అది బరువుగా ఉండేది. 64 బిట్‌లో ఆ బాధ చాలావరకు పోయింది.

ఇంకా పది నిమిషాలున్నాయట. నోట్స్ పక్కన పెడతాను. లాప్‌టాప్ తెచ్చినవాళ్లు తెరవండమ్మా. మీ ప్రాజెక్టును స్ట్రాంగ్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి బిల్డ్ చేసి, పదేసిసార్లు నడిపి, వచ్చిన అంకెలు ఈ బోర్డు మీద రాయండి.