పదకొండు గంటల పూట: నగరంలో చదువుకునే నల్లగొండ, పాలమూరు పిల్లల కోసం

(దృశ్యం: నల్లగొండ బస్టాండు, ఉదయం ఆరు గంటలు. హైదరాబాద్ బస్సులో ఒళ్లో బ్యాగులు పెట్టుకుని కూర్చున్న కాలేజీ పిల్లలు.)

నమస్కారం. ఈ బస్సులో ఉన్న పిల్లల్లో పొద్దున ఏమైనా తిని బయలుదేరినవాళ్లు ఒకరిద్దరు కూడా ఉండరు. నేను ఉండేది నగరంలో హాస్టల్‌లోనే కానీ, ఊరికి వచ్చి తిరిగి వెళ్లే రోజున కనగల్ వైపు ఉన్న మా పల్లె నుంచి నేనూ నాలుగున్నరకు లేచి, నీళ్లు తాగి వచ్చినదాన్నే. తెల్లవారుజామున ఆకలి వేయదు. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాటి ఎల్బీనగర్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. అక్కడి నుంచి సిటీ బస్సులో కోఠి. పదింటికి మొదటి క్లాసు. కడుపు గుర్తుకు వచ్చేది పదకొండింటికి.

ఆ వేళకు టిఫిన్ బండ్లవాళ్లు గిన్నెలు కడుగుతుంటారు. మెస్సుల్లో అన్నం ఇంకా ఉడుకుతుంటుంది. మధ్యలో గంటన్నర ఖాళీ. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి నుంచి వచ్చి చదువుకునే మన చేతిలో డబ్బు ఎక్కువగా కరిగిపోయేది ఈ గంటన్నరలోనే. మూడేళ్లుగా నేను దీన్ని ఎలా దాటుతున్నానో చెబుతాను.

(తెరపై ఒకే మాట: బ్రంచ్)

పెద్ద నగరాల్లో ఈ పూటను బ్రంచ్ అంటున్నారు. బ్రేక్‌ఫాస్ట్, లంచ్ కలిపి ఒకే పూట. 1895లో ఇంగ్లండ్‌లో అచ్చయిన ఒక పత్రికా వ్యాసంతో ఈ మాట వాడుకలోకి వచ్చింది. శనివారం రాత్రి ఆలస్యంగా పడుకుని, ఆదివారం పొద్దెక్కాక లేచేవాళ్ల కోసం అందులో ఈ భోజనాన్ని సిఫారసు చేశారు. మాట వాళ్లదే కానీ, పూట మనకు కొత్త కాదు. మా నాన్న చీకటితోనే పొలానికి వెళతాడు. పది, పదిన్నరకు గట్టు మీద కూర్చుని సద్ది మూట విప్పుతాడు. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ. లేదంటే జొన్నరొట్టె, పల్లీల కారం. ఆ తర్వాత పొద్దుగూకే దాకా అన్నం మాట ఎత్తడు. పుస్తకాల్లో దీన్ని చద్ది అని రాస్తారు, మేము సద్ది అంటాం. నగరంలో నేను వెతుక్కున్నది ఈ సద్దినే.

(దృశ్యం: చేతిరాతతో లెక్కలు రాసిన నోటుపుస్తకం, దగ్గరి నుంచి.)

ముందు ఈ పేజీ చూడండి. మొదటి సంవత్సరంలో నేను రాసుకున్న ఒక రోజు ఖర్చు. పొద్దున బస్సు దిగగానే టీ, బిస్కెట్లు: 30. పదకొండింటికి సమోసా, కూల్‌డ్రింకు: 45. రెండింటికి ఆకలికి ఆగలేక ఫ్రైడ్ రైస్: 100. మొత్తం 175 రూపాయలు. ఇంత పెట్టినా సాయంత్రం హాస్టల్‌కు వచ్చేసరికి తలనొప్పి. రెండింటి దాకా కడుపులో పడినవన్నీ చక్కెర, మైదా, నూనె.

ఇప్పటి పేజీ ఇది. పదకొండింటికి కడుపునిండా భోజనం: 80 లోపు. నాలుగింటికి రెండు అరటిపండ్లు, గుప్పెడు పల్లీలు: 20. మొత్తం వంద. రోజుకు 75 మిగులుతోంది. నెలలో కాలేజీ ఉండేది 24 రోజులు అనుకుంటే 1,800. మా నాన్న పంపే డబ్బులో ఇది చిన్న మొత్తం కాదు. తిండి తగ్గించి మిగిల్చిన డబ్బు కూడా కాదు. దయచేసి పూట మానేసి డబ్బు మిగల్చకండి. మా గదిలో ఒక చెల్లెలు అలా చేసి, పరీక్షల ముందు కళ్లు తిరిగి పడిపోయింది. ఆ రోజు ఆసుపత్రిలో కట్టిన డబ్బుతో నెల రోజులు తినవచ్చు.

(దృశ్యం: దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందు. కర్రీ పాయింట్ ముందు స్టీలు గిన్నెలు, కూరల మీద ఆవిరి.)

అన్నింటికంటే ముందు కర్రీ పాయింట్. మన జిల్లా పిల్లలు ఎక్కువగా ఉండే దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ సందుల్లో ఇవి అడుగడుగునా కనిపిస్తాయి. కూర మాత్రమే అమ్ముతారు, అన్నం మనం వండుకోవాలి. క్లాసులు మధ్యాహ్నం మొదలయ్యే రోజుల్లోనూ, ఆదివారాల్లోనూ నాకు ఇదే ఆధారం. పదిన్నర, పదకొండు మధ్యన వెళ్తే కూరలు అప్పుడే పొయ్యి మీది నుంచి దిగుతాయి. పప్పు, ఒక వేపుడు, సాంబారు. ఒక పొట్లం ఇద్దరికి సరిపోతుంది. నేనూ, అచ్చంపేట నుంచి వచ్చిన నా స్నేహితురాలూ ఒక పప్పు, ఒక కూర తీసుకుని పంచుకుంటాం. "అక్కా, ఈ రోజు ఏది ముందు దించారు?" అని అడగండి. వేడిగా ఉన్నది ఆమే చూపిస్తుంది.

ఇక బియ్యం. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. తెలంగాణలో రేషన్ కార్డుల మీద సన్నబియ్యం ఇవ్వడం 2025 మార్చి 30న మన హుజూర్‌నగర్‌లోనే మొదలైంది. కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు ఉచితం. మీ పేరు ఆ కార్డులో ఉంటే ఆ 6 కిలోలు మీ వాటా. ఒక మనిషికి ఒక పూటకు 150 గ్రాముల బియ్యం వేసుకుంటే, 30 రోజులకు నాలుగున్నర కిలోలు. అంటే నెల మొత్తం ఈ ఒక్క పూటకు బియ్యం కొనాల్సిన పనే లేదు. ఊరికి వెళ్లినప్పుడల్లా కొంచెం కొంచెం తెచ్చుకోండి. అమ్మను అడగడానికి మొహమాటం ఎందుకు? మీరు తింటున్నారని తెలిస్తే ఆమెకు అంతకంటే కావలసింది లేదు.

చిన్న రైస్ కుక్కర్ ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కోవచ్చు. కొన్ని హాస్టళ్లలో కుక్కర్ పెట్టనివ్వరు. గది తీసుకునే ముందే అడిగి తెలుసుకోండి. అదే కుక్కర్‌లో అన్నం మీద రెండు గుడ్లు కడిగి పెడితే అన్నంతో పాటే ఉడుకుతాయి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. చివర ఒక చిన్న పెరుగు పొట్లం. ఇంతకంటే మంచి పదకొండు గంటల భోజనం నాకు నగరంలో ఇంకెక్కడా దొరకలేదు.

(దృశ్యం: కోఠి దగ్గర ఇరానీ హోటల్. పాలరాయి పరిచిన బల్ల, ఒక పళ్లెం.)

కాలేజీ నుంచి గదికి వెళ్లలేని రోజుల సంగతి వేరు. హైదరాబాద్‌కు తనదైన బ్రంచ్ ఎప్పటి నుంచో ఉంది. అదే ఖిచిడీ, ఖీమా, ఖట్టా. ఇరానీ హోటళ్లలో పొద్దున మొదలై చాలా చోట్ల పదకొండు దాకా దొరుకుతుంది. పళ్లెం దగ్గరగా చూడండి. పసుపు వేసి, మసూర్ పప్పుతో పొడిపొడిగా వండిన అన్నం, అదే ఖిచిడీ. పక్కన చిన్న గిన్నెలో పల్చటి పులుసు, అదే ఖట్టా. నువ్వులు, పల్లీలు వేయించి నూరి, చింతపండు రసంలో కలిపి చేస్తారు. మొదటిసారి నోట్లో పెట్టుకోగానే నాకు మా ఇంటి పచ్చిపులుసు గుర్తొచ్చింది. మా నాయనమ్మ కూడా పచ్చిపులుసులో నువ్వులు వేయించి నూరి వేసేది. ఊరు విడిచి వచ్చిన మూడో వారం అది. పాతబస్తీ వంటకు మా పల్లె వంటతో చుట్టరికం ఉందని ఆ పులుసు చెప్పింది.

ఖీమా, అంటే సన్నగా తరిగిన మాంసం కూర, వేస్తే ధర పెరుగుతుంది. "భాయ్, ఖీమా లేకుండా ఖిచిడీ, ఖట్టా, ఒక గుడ్డు" అని అడగండి. చాలా చోట్ల ఇస్తారు. ఖర్చు బాగా తగ్గుతుంది, కడుపూ నిండుతుంది. ఆడపిల్లలు వెళ్లడానికి సంకోచిస్తారు, నేనూ సంకోచించాను. చాలా హోటళ్లలో కుటుంబాలకు విడిగా గది ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి.

(దృశ్యం: 5 రూపాయల క్యాంటీన్ ముందు వరుస.)

హైదరాబాద్ నగరపాలక సంస్థ 2014లో 5 రూపాయల భోజనం మొదలుపెట్టింది. అన్నం, కూర, సాంబారు, పచ్చడి. 2025లో వీటికి ఇందిరమ్మ క్యాంటీన్లు అని పేరు మార్చి, పొద్దుటి టిఫిన్ కూడా 5 రూపాయలకే ఇవ్వడం ప్రారంభించారు. అయితే ఈ రెండూ మన పదకొండింటికి సరిగ్గా అమరవు. టిఫిన్ ముందే అయిపోతుంది, భోజనం మధ్యాహ్నం వస్తుంది. కాబట్టి పన్నెండు తర్వాత ఖాళీ ఉన్న రోజు దీన్ని పెట్టుకోండి. వరుసలో కూలీలు, ఆటో డ్రైవర్లు, ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు ఉంటారు. అక్కడ నిలబడటానికి సిగ్గుపడాల్సిన అవసరం లేదు. పాలమూరు నుంచి కూలీలుగా వచ్చి ఈ నగరంలో మేడలు కట్టినవాళ్లు ఎంతమందో మనకు తెలుసు.

ఇక టిఫిన్ బండి. పదిన్నర తర్వాత బండి దగ్గరికి వెళ్తే పూరీ, మైసూర్ బజ్జీ జోలికి పోకండి. ఆ నూనె తెల్లవారుజాము నుంచి కాగుతోంది. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె కాగి చెడినప్పుడు పుట్టేవి) 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం. మనం దాన్ని కొలవలేం కానీ, నల్లబడిన రంగు, మీద తేలే నురుగు, త్వరగా లేచే పొగ కంటికి కనిపిస్తాయి. ఆ వేళకు ఇడ్లీ మేలు. ఎండాకాలంలో కొబ్బరి చట్నీ ముందు వాసన చూడండి. అనుమానం వస్తే కారప్పొడి వేయించుకుని తినండి.

(దృశ్యం: ఒక బిల్లు. పేరు కనిపించకుండా మడిచి ఉంది.)

ఈ బిల్లు నేను దాచుకున్నాను. మొదటి సంవత్సరం, ఒక స్నేహితురాలి పుట్టినరోజు. నలుగురం ఒక కేఫ్‌కు వెళ్లాం. బ్రంచ్ అని బోర్డు చూసి ముచ్చటపడ్డాం. ధరల పట్టిక చూసి, లెక్క వేసుకుని, తలా ఇంత అని ముందే డబ్బులు పోగుచేసుకున్నాం. బిల్లు వచ్చాక చూస్తే పది శాతం సర్వీసు చార్జీ, ఆపైన పన్ను, మేము అడగని నీళ్ల సీసాలు. డబ్బు చాలలేదు. ఒకరి తమ్ముడికి ఫోను చేసి అప్పటికప్పుడు వేయించుకున్నాం. పుట్టినరోజు పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ముఖం నేను మరిచిపోలేదు.

అప్పుడు మాకు తెలియనిది మీరు తెలుసుకోండి. సర్వీసు చార్జీని హోటలువాళ్లు తమంతట తామే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కాబట్టి "ఇది తీసేసి బిల్లు ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జీఎస్టీ వేరు, మామూలు రెస్టారెంటులో 5 శాతం ఉంటుంది. కాంపోజిషన్ పద్ధతిలో (చిన్న వ్యాపారాలు తమ అమ్మకాల మీద నిర్ణీత శాతం పన్ను తామే కట్టే పద్ధతి) నమోదైన చిన్న హోటళ్లు మాత్రం మన నుంచి దాన్ని విడిగా వసూలు చేయకూడదు. ఆ సంగతి బిల్లు మీదే రాసి ఉండాలి. నీళ్ల సీసా బల్ల మీద పెట్టగానే మూత తీయకండి, మామూలు నీళ్లు అడగండి.

ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకోవడం గురించి ఎక్కువ చెప్పను. వంటకం ధర మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫారం ఫీజు చేరతాయి. నలుగురు కలిసి పెట్టుకుంటే తప్ప మనకు కుదరదు. నక్షత్రాల హోటళ్ల ఆదివారం బ్రంచ్ ఒక మనిషికి మన నెల తిండి ఖర్చంత అవుతుంది.

అమ్మాయిలకు ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి మనకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కాలేజీ గేటు ముందు ధరలు ఎప్పుడూ ఎక్కువే. రెండు స్టాపులు అవతల అదే భోజనం తక్కువకు దొరుకుతుంది. జీరో టికెట్‌తో వెళ్లి తిని, వచ్చేయవచ్చు. ఆధార్ కార్డు బ్యాగులో ఉంచుకోండి. అబ్బాయిలకు ఇది ఉచితం కాదు, అయినా విద్యార్థి పాస్ తీసుకుంటే తక్కువ ఖర్చుతో ఇలాగే వెళ్లి రావచ్చు.

(దృశ్యం: పల్లెలో ఇంటి వసారా, ఆదివారం మధ్యాహ్నం. చాపమీద బియ్యం సంచి, సీసా, తెల్లటి గుడ్డ.)

ఇది మా ఇల్లు. అమ్మ సంచిలో బియ్యం పోస్తోంది. సీసాలో పల్లీల కారం ఉంది, తడి చెంచా పెట్టకపోతే మూడు వారాలు నిలుస్తుంది. రొట్టెలు పెనం మీద బాగా ఎండేదాకా కాల్చి, చల్లారాక గుడ్డలో చుట్టింది. వేడిగా చుడితే చెమ్మ పట్టి మరునాటికే బూజు వస్తుందని ప్రతిసారీ చెబుతుంది, ఈ రోజూ చెప్పింది. సోమ, మంగళవారాల్లో క్లాసుల మధ్య పదకొండింటికి నా భోజనం ఇదే.

"ఇంకో రెండు రొట్టెలు పెడుతున్నాను బిడ్డా, అచ్చంపేట పిల్లకు" అంటోంది.

బస్సు నాలుగింటికి.