ఏడుగురికి ఒక్క ఓటు
(2024 అక్టోబర్ 19, శనివారం, అట్లాంటా శివార్లలోని తెలుగువాళ్ల నెలవారీ సమావేశంలో మాట్లాడింది)

అందరికీ నమస్కారం. అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను రాజకీయ పండితురాలిని కాను, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే పక్కవాళ్లు చేసిన పనిలో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. కాబట్టి ఇక్కడున్న రెండు పార్టీలవాళ్లూ నొచ్చుకునే అవకాశం ఉంది, ముందే చెప్తున్నా.

మొన్న మంగళవారం, ఎర్లీ ఓటింగ్ (అసలు పోలింగ్ రోజుకి ముందే ఓటేసే వీలు) మొదలైన రోజే, వెళ్లి ఓటేసి వచ్చాను. ఆ ఒక్క రోజే మన జార్జియా రాష్ట్రంలో 3 లక్షల మందికి పైగా వేశారట, 2020లో తొలి రోజు వేసినవాళ్లు 1,36,000 మందే. లైను ఎంత పొడుగుందో నన్నడగకండి, కారులో కూర్చున్న మా అత్తయ్యని అడగండి. ఆవిడ మే 13న తెనాలిలో ఓటేసి, వేలి మీద సిరా ఉండగానే విమానం ఎక్కిన మనిషి. నేను రాగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "ఎంతిచ్చారమ్మా?" పీచ్ పండు బొమ్మ ఉన్న స్టిక్కర్ చూపించాను. "ఇంతసేపు నిలబడింది దీనికా!" అంది.

మా లెక్క ఒకటి చెప్తాను. మా ఇంట్లో నలుగురం, పక్క వీధిలో మా తమ్ముడు వాళ్లు ముగ్గురు. రోజూ సాయంత్రం టీవీ ముందు ట్రంప్, కమల అని అరుచుకునేది ఏడుగురం, ఓటున్నది నాకొక్కదానికే. మా ఆయనకి గ్రీన్‌కార్డు ఉంది, సిటిజన్‌షిప్ మాత్రం తీసుకోడు, ఎందుకంటే ఇండియా పాస్‌పోర్టు వదిలేస్తే మళ్లీ ఊళ్లో వ్యవసాయ భూమి కొనలేడు. ఇప్పుడేదో కొంటున్నాడని కాదు, కొనలేకపోవడం అనే మాటే ఆయనకి పడదు. అమ్మాయికి పదిహేనేళ్లు. అత్తయ్య విజిటర్. తమ్ముడు ఉద్యోగ వీసా, హెచ్‌1బీ. కాబట్టి నేను బయల్దేరుతుంటే, ఊరికెళ్లేవాళ్ల చేతికి సామాన్ల చీటీ ఇచ్చినట్టు, ఎవరి చీటీ వాళ్లిచ్చారు.

తమ్ముడి చీటీ అందరికంటే బరువు. వాడు 2014లో గ్రీన్‌కార్డు లైనులో నిలబడ్డాడు, ఈబీ2 అనే ఉద్యోగ తరగతిలో ఇండియావాళ్లకి ఇప్పుడు కార్డు ఇస్తున్న దరఖాస్తుల తేదీ ఈ నెల ప్రభుత్వ బులెటిన్‌లో 2012 జూలై దగ్గర ఉంది. రెండేళ్లే కదా తేడా అనుకుంటారు కొత్తవాళ్లు, ఆ రెండేళ్లు జరగడానికి ఎన్నేళ్లు పడుతుందో మీలో సగం మందికి తెలుసు. ఏడాదికి ఉద్యోగాల కోటాలో సుమారు 1,40,000 కార్డులు, ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదు. 140 కోట్ల జనం ఉన్న మనకీ అంతే, మన హైదరాబాద్‌లో ఒక మూలకి కూడా సరిపోని ఐస్‌లాండ్‌కీ అంతే. వాడి కొడుకు ఇండియాలో పుట్టాడు, నాలుగేళ్లప్పుడు వచ్చాడు, ఇప్పుడు పద్నాలుగు. ఇరవై ఒకటి వచ్చేలోపు కార్డు రాకపోతే ఆ పిల్లాడు తండ్రి దరఖాస్తులోంచి జారిపోతాడు, సొంత వీసా వెతుక్కోవాలి. ఈ ఇద్దరు అభ్యర్థులూ ఇమ్మిగ్రేషన్ అని పొద్దస్తమానం మాట్లాడతారు, అదంతా సరిహద్దు గోడ గురించే. జూన్‌లో ట్రంప్ ఒక పాడ్‌కాస్ట్‌లో ఇక్కడ డిగ్రీ చేసిన విదేశీ విద్యార్థులందరికీ డిప్లొమాతో పాటే గ్రీన్‌కార్డు ఇవ్వాలన్నాడు, మా తమ్ముడు ఆ రాత్రి నిద్రపోలేదు. ఆయన ప్రభుత్వమే ఇదివరకు హెచ్4 వాళ్ల, అంటే హెచ్1బీ వాళ్ల జీవిత భాగస్వాముల, ఉద్యోగ అనుమతి తీసేస్తామని నాలుగేళ్లు మా మరదలిని టెన్షన్ పెట్టింది, చివరికి తీసెయ్యలేదనుకోండి. కమల విషయానికొస్తే, 2019లో సెనేట్‌లో ఉండగా మైక్ లీ అనే రిపబ్లికన్‌తో కలిసి ఆ 7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లు పెట్టింది. అది మార్పులతో 2020 డిసెంబర్‌లో సెనేట్ దాటింది, చట్టం కాలేదు. వైస్ ప్రెసిడెంట్ అయ్యాక ఈ నాలుగేళ్లలో ఆ ఊసే ఎత్తినట్టు నాకు వినపడలేదు.

మా ఆయన చీటీ ధరలు. నిజమే, 2021లో 3 శాతానికి ఇల్లు కొన్నవాళ్లు ఇవాళ 6 దాటిన వడ్డీ చూసి ఇల్లు మారలేక అక్కడే ఇరుక్కుపోయారు. గుడ్లు, నూనె, ఇన్సూరెన్సు, ఏది ముట్టుకున్నా మండుతోంది, దానికి అధికారంలో ఉన్నవాళ్లు జవాబు చెప్పాల్సిందే. కానీ ఆయన ఇందులో సోనా మసూరిని కూడా కలిపేశాడు! అయ్యా, పోయినేడాది జూలైలో బియ్యం ఎగుమతి ఆపింది ఢిల్లీ. మనం పండగ రద్దీలాగా కొట్ల మీద పడి ఒక్కొక్కరం ఐదేసి బస్తాలు ఎత్తుకొచ్చాం, మా గ్యారేజీలో ఒకదానికి పురుగు పట్టింది కూడా. దానికి బైడెన్ ఏం చేస్తాడు?

అమ్మాయి చీటీలో ఒక్క మాటే ఉంది, తుపాకులు. సెప్టెంబర్ 4న విండర్‌లో, అపలాచీ హైస్కూల్లో, ఇద్దరు పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. నిందితుడికి పద్నాలుగేళ్లు. విండర్ మనకి గంట దూరం కూడా లేదు. ఆ రోజు మా అమ్మాయి క్లాసులోంచి "నేను బాగానే ఉన్నాను" అని మెసేజ్ పెట్టింది, నేను అప్పటికి వార్త చూడలేదు, ఎందుకు బాగానే ఉన్నావని తిరిగి అడిగాను. దీని గురించి ఇంకెక్కువ మాట్లాడలేను.

ఇక అత్తయ్య చీటీ, ట్రంప్ పక్కన వైస్ ప్రెసిడెంట్ పదవికి నిలబడ్డ జేడీ వాన్స్ భార్య ఉష గురించి. "ఉష మన పిల్ల, వడ్లూరు వాళ్లు, ఆ అబ్బాయి గెలవాలి." వెంటనే మా తమ్ముడు, "కమల వాళ్లమ్మ శ్యామల గోపాలన్‌ది తమిళనాడు, ఆవిడా మనదే." నవ్వుతున్నారు, కానీ ఈ హాల్లో ఇదే వాదన ఇంగ్లీషులో చేసేవాళ్లు ఉన్నారు. ఉషా వాన్స్ శాన్ డియాగోలో పెరిగింది, కమల ఓక్లండ్‌లో పుట్టింది. వాళ్లు పైకొచ్చినందుకు నాకూ సంతోషమే, పండక్కి పిలిస్తే వెళ్తాను. ఓటు వేరు. ఇంటిపేరు చూసి ఓటేసే అలవాటు అక్కడ ఎంత బాగు చేసిందో చూసే కదా మనం ఇక్కడ కూర్చుని రోజూ తిట్టుకునేది!

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడొస్తోంది, ఇది నా తప్పు గురించి. మొన్న సెప్టెంబర్ 30న ఒక జడ్జి జార్జియా అబార్షన్ చట్టాన్ని, అదే సుమారు ఆరు వారాలు దాటితే అబార్షన్ వద్దనే చట్టాన్ని, కొట్టేశాడు. అక్టోబర్ 7న రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ అమల్లోకి తెచ్చింది. ఇంట్లో ఆడపిల్లని పెట్టుకుని నాకు నచ్చలేదు, మీలో కొందరికి నచ్చి ఉంటుంది, ఆ గొడవ వేరే రోజు పెట్టుకుందాం. ఆ కోర్టు జడ్జీలని కూడా ఎన్నుకునేది మనమే, తెలుసా? నాకు తెలీదు. ఆ ఎన్నిక నవంబర్‌లో ఉండదు, మేలో ప్రైమరీతో (పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ఎన్నికతో) పాటు జరుగుతుంది. ఈ ఏడాది మే 21న జరిగింది, ఒక సీటుకి గట్టి పోటీ కూడా ఉంది. నేను వెళ్లలేదు. ఎందుకంటే అప్పుడు నేను ఆంధ్రా ఫలితాల టెన్షన్‌లో ఉన్నాను. ఏ నియోజకవర్గంలో ఎవరికి ఎంత మెజారిటీ వస్తుందో మూడు వాట్సాప్ గ్రూపుల్లో పందేలు, జూన్ 4 ఫలితాల కోసం రాత్రంతా మేలుకుని కూటమికి 164 వచ్చేదాకా లెక్కపెట్టాను. నాకు అక్కడ ఓటు లేదు. ఓటున్న చోట ఎన్నిక జరిగిందని నాలుగు నెలల తర్వాత తెలిసింది.

అందుకే ఈసారి శాంపిల్ బ్యాలెట్ తెచ్చుకుని వంటింటి బల్ల మీద పెట్టి కింద నుంచి పైకి చదివాను. కింది భాగంలో ఆస్తి పన్ను సవరణ మీద ప్రశ్న ఉంది, దానికి పైన మా కౌంటీ (జిల్లా లాంటిది) పోలీసు అధికారి షెరీఫ్, ఇంకా పైన రాష్ట్ర సభలు, ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్. అందరి గురించీ తెలుసుకోలేకపోయాను. తెలియనివి రెండు ఖాళీగా వదిలేశాను, దానివల్ల ఓటు చెల్లకుండా పోదు. ఒకే పార్టీకి కూడా వెయ్యలేదు. షెరీఫ్ దగ్గర ఒకరు, పైన ఇంకొకరు. తమ్ముడి పనీ అమ్మాయి పనీ ఒకే పార్టీలో దొరకలేదు మరి.

నా ఓటుతో ఏమవుతుందనే వాళ్లకి ఒక్క అంకె. 2020లో ఈ రాష్ట్రంలో సుమారు 50 లక్షల ఓట్లు పడితే తేడా 11,779. ఫలితం ముందే తెలిసిపోయే న్యూజెర్సీలో మా ఆడపడుచు ఇంటికి ఒక్క కరపత్రం రాదు, మా పోస్టు డబ్బా రోజూ నిండిపోతోంది. ఉంటే ఇలాంటి చోటే ఉండాలి.

ఎర్లీ ఓటింగ్ నవంబర్ 1 దాకా ఉంది, మీ కౌంటీలో ఏ కేంద్రానికైనా వెళ్లొచ్చు. నవంబర్ 5న అయితే మీకు కేటాయించిన చోటే, పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా. డ్రైవింగ్ లైసెన్సు పట్టుకెళ్లండి. లోపల బ్యాలెట్ ఫోటో తియ్యకండి, ఇక్కడ అది నేరం. స్టిక్కర్‌తో సెల్ఫీ బయటికొచ్చాక తీసుకోండి. నాది మాత్రం లేదు, అత్తయ్య తన హ్యాండ్‌బ్యాగుకి అంటించుకుంది.