గోటి కింద నలుపు, ఊపిరితిత్తుల దాకా: ముదిరిన మెలనోమాపై నెల్లూరు స్టూడియో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరాక చేసే వైద్యం గురించి ఈరోజు మాట్లాడుకుందాం. చెన్నైలో పనిచేస్తున్న నెల్లూరు వాసి, క్యాన్సర్ వైద్యుడు ఒకరు, ఒంగోలు నుంచి చర్మవైద్యురాలు వచ్చారు. తండ్రికి ఈ వైద్యం చేయిస్తున్న కోవూరు వైపు రొయ్యల రైతు కూడా ఉన్నారు. అమ్మా, ముదిరేదాకా ఎందుకు తెలియడం లేదు?

చర్మవైద్యురాలు: చూడవలసిన చోట చూడం కాబట్టి. తెల్లవాళ్లలో ఇది ఎక్కువగా ఎండ తగిలే చర్మం మీద వస్తుంది. మనలో అరుదు, వస్తే తరచుగా అరికాలిలోనో గోటి కిందో వస్తుంది. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుతారు, పసరు కడతారు. గజ్జల్లో బిళ్లలు కట్టాక నా దగ్గరికి వస్తారు.

రైతు: మా నాన్నకు బొటనవేలి గోటి కింద నల్లబడింది. రొయ్యల గుంట దగ్గర ఏరేటర్, అదే నీళ్లలో గాలి కలిపే యంత్రం, కాలి మీద పడిందిలే, రక్తం గడ్డకట్టి ఉంటుందనుకున్నాం.

చర్మవైద్యురాలు: దెబ్బకు కట్టిన రక్తమైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. ఈ నలుపు కదలదు, గోటి మొదట్లో చర్మానికి కూడా పాకుతుంది.

రైతు: పాకిందండీ. ముక్క తీసి పరీక్ష చేయిద్దామంటే, కత్తి పడితే క్యాన్సర్ రేగుతుందని ఊళ్లో పెద్దలు ఆపారు.

చర్మవైద్యురాలు: ఆ మాట వినీ వినీ విసిగిపోయాను. బయాప్సీతో రేగదు. ఆలస్యంతో ముదురుతుంది.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, ఊపిరితిత్తులకు పాకాక ఇక చేసేదేముంటుంది?

క్యాన్సర్ వైద్యుడు: 2011కు ముందు అడిగి ఉంటే తల దించుకునేవాణ్ణి. అప్పట్లో డకార్బజీన్ అనే పాత కీమో ఇచ్చేవాళ్లం, చాలామంది ఏడాది కూడా బతికేవారు కాదు. ఆ ఏడాది ఇపిలిముమాబ్, 2014లో పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వచ్చాయి. మన రోగనిరోధక కణాలకు ఉండే బ్రేకును క్యాన్సర్ తన రక్షణకు వాడుకుంటుంది. ఈ మందులు ఆ బ్రేకు వదిలిస్తాయి. దానికి దారి వేసిన శాస్త్రవేత్తలు ఆలిసన్, హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ కలిపి రోగులకు ఇచ్చి చూసిన ఒక పెద్ద అధ్యయనంలో పదేళ్లకు 43 శాతం మంది బతికే ఉన్నారు.

వ్యాఖ్యాత: మన రోగులకూ అంతేనా?

క్యాన్సర్ వైద్యుడు: అలా చెప్పలేను. అరికాలు, గోటి మెలనోమాలు ఈ మందులకు అంత బాగా లొంగవు. బీరాఫ్ అనే జన్యుమార్పు కూడా వీటిలో తక్కువ. అయినా ఆ మార్పు ఉందేమో పరీక్ష చేయించాల్సిందే, ఉంటే డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ మాత్రలతో గడ్డలు త్వరగా కరుగుతాయి. వాటితో జ్వరం మామూలే. డెంగీ అని రక్తపరీక్షల చుట్టూ తిరగకముందు మాకు ఫోను చేయండి.

రైతు: ఖర్చు లక్షల్లో ఉంది. తక్కువ డోసు చాలని ఎవరో అన్నారు.

క్యాన్సర్ వైద్యుడు: ముంబయి టాటా ఆసుపత్రి వాళ్లు 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌తో మేలు చూపించారు. అది తల, మెడ క్యాన్సర్లలో. దాన్ని మెలనోమాకు నేరుగా వర్తింపజేయలేం. ఖర్చు మాట మొదటిరోజే డాక్టరుతో ఎత్తండి, సగంలో ఆపేకన్నా అది నయం. నేను ఎక్కువగా భయపడేది మరోదానికి. మందు చెన్నైలో ఎక్కుతుంది, ఇబ్బంది నెల్లూరులో అర్ధరాత్రి మొదలవుతుంది.

రైతు: మాకదే జరిగింది. విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లో సెలైన్ పెట్టి, మోషన్లు కట్టే మాత్ర ఇచ్చారు. చెన్నైకి ఫోను చేస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు.

క్యాన్సర్ వైద్యుడు: అది తిన్నది పడక వచ్చింది కాదు. బ్రేకు లేని నిరోధక కణాలు పేగు మీదే పడ్డాయి. కాలేయం, ఊపిరితిత్తులు, థైరాయిడ్ మీదా పడతాయి, మందు ఆపిన నెలల తర్వాత కూడా. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ రెండూ కలిపితే సగానికి పైగా రోగులకు తీవ్రమైన ఇబ్బందులు వస్తాయి. ఇన్ఫెక్షన్ లేదని చూసుకుని సమయానికి ఆ కణాల దాడిని అణిచే స్టెరాయిడ్ ఇస్తే చాలామందికి తగ్గుతుంది. అందుకే మందు పేరు, మా నంబరు రాసిన చీటీ రోగి జేబులో ఉండాలి. ఇక్కడి డ్యూటీ డాక్టరుకు మొదట అదే చూపించాలి.

చర్మవైద్యురాలు: కాస్త నయం కాగానే స్టెరాయిడ్ మానేస్తారు, అదీ చెప్పండి.

క్యాన్సర్ వైద్యుడు: అవునమ్మా. వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తిరగబెడుతుంది.

వ్యాఖ్యాత: కనిగిరి నుంచి ఫోను వేచి ఉంది. చెప్పండి, మీ ప్రశ్న ఏమిటి?